నాన్నకు వాళ్లు చెప్పేలోపు మీరే చెప్పండి

ప్రశ్న: విశాఖపట్నంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఫ్రెషర్స్ డే నాడు నన్ను నేను పరిచయం చేసుకుంటూ మాట్లాడిన వీడియోను మా విద్యార్థులే నడిపే, పేర్లు చెప్పకుండా పోస్టులు పెట్టే ఒక ఇన్‌స్టాగ్రామ్ ‘కన్ఫెషన్స్’ పేజీలో పెట్టి నా యాసను వెక్కిరించారు. కోపం ఆపుకోలేక కింద ఘాటుగా కామెంట్ రాశాను. అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర ఎనిమిది మందిమి దిగిన ఫోటోలోంచి మిగతావాళ్లను కత్తిరించేసి, నన్నూ పక్కనున్న అబ్బాయినీ మాత్రమే ఉంచి అసహ్యమైన వ్యాఖ్యతో పెట్టారు. నా పేరుతో, నా ఫోటోతో దొంగ అకౌంటు తెరిచి మా చుట్టాల పిల్లలకు రిక్వెస్టులు పంపారు. ఇప్పుడు ‘పేజీకి క్షమాపణ చెబుతూ వీడియో పెట్టు, లేకపోతే ఫోటో మీ నాన్నకు వెళ్తుంది’ అని మెసేజ్ వచ్చింది. నాన్నకు తెలిస్తే చదువు మాన్పించి సంబంధాలు చూస్తారు. అన్నయ్యకు తెలిస్తే కొట్లాటకు వస్తాడు. రెండు వారాలుగా క్లాసుకు వెళ్లడం లేదు. అక్కడ ఏం పెడుతున్నారో స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపేది నా రూమ్మేటే, ‘నీ మంచికే’ అంటూ. నిద్ర పట్టడం లేదు, తిండి గదికే తెప్పించుకుంటున్నాను. అకౌంటు తీసేసి ఇంటికి వెళ్లిపోనా?
— పేరు వద్దు

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ క్షమాపణ వీడియో పెట్టకండి. వాళ్లు ఎంత ఒత్తిడి చేసినా, ఎన్ని గడువులు పెట్టినా పెట్టకండి. తలవంచిన మనిషిని వదిలేసే రకమైతే వాళ్లు ఇంతవరకూ వచ్చేవాళ్లే కాదు. పైగా ప్రస్తుతం వాళ్ల చేతిలో ఉన్నది ఫ్రెషర్స్ డే వీడియో ఒకటి, కత్తిరించిన ఫోటో ఒకటి. మీరు ఏడుస్తూ క్షమాపణ చెప్పే వీడియో కూడా ఇస్తే ఏడాది పొడవునా ఆడుకోవడానికి సరిపడా సరుకు దొరుకుతుంది. చూసినవాళ్లు కూడా ‘ఏ తప్పూ చేయకపోతే క్షమాపణ ఎందుకు చెప్పింది’ అంటారు. ఆ మెసేజ్‌కు జవాబే ఇవ్వకండి. ‘ప్లీజ్’ అని గాని, ‘పోలీసులకు చెబుతాను’ అని గాని రాయవద్దు. చెప్పేదేదో పోలీసులకే చెబుదాం, వీళ్లకు ముందుగా కబురెందుకు?

ఇప్పుడు ఆ ఫోటో సంగతి చూద్దాం. మీరు జతచేసిన కాపీని పెద్దది చేసి చూశాను. వెనక జలాంతర్గామి నల్లటి ముందుభాగం కనిపిస్తోంది, పట్టపగటి ఎండ, కుడి అంచున ఎవరిదో మోచేయి, దాని మీద చేతిగడియారం. కత్తిరించినవాడు ఆ మోచేతిని తీసేయడం మరిచిపోయాడు. ఆర్కే బీచ్ రోడ్డులో నగరమంతా తిరిగే చోట, నలుగురి ముందు, తోటి విద్యార్థులతో నిలబడి దిగిన ఫోటో అది. అందులో దాచుకోవలసింది ఏదీ లేదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. వాళ్ల బలమంతా మీ నాన్నగారికి ఇంకా ఏమీ తెలియకపోవడంలోనే ఉంది. ఆయనకు మీ నోటితో తెలిసిన రోజున ఆ బెదిరింపులో పస ఉండదు. కాబట్టి ఫిర్యాదులు, సెక్షన్లు, దొంగ అకౌంటు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఇంటి విషయమే.

మీరు దీనికే అన్నిటికన్నా ఎక్కువ భయపడుతున్నారని ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది. కాబట్టి నాకు తోచిన పద్ధతి కాస్త వివరంగా చెబుతాను.

ముందు అసలు ఫోటో సంపాదించండి. ఎవరి ఫోనుతో తీశారో వాళ్లను అడగండి. వాట్సాప్‌లో మామూలుగా ఫోటోలా పంపితే అది కుదించుకుపోతుంది, ఎప్పుడు తీశారో చెప్పే వివరాలు కూడా ఊడిపోతాయి. అందుకని ‘డాక్యుమెంట్’గా పంపమనండి. ఎనిమిది మందీ ఉన్న ఆ ఫోటో ఇంట్లోనూ పనికొస్తుంది, పోలీసు స్టేషన్‌లోనూ పనికొస్తుంది.

తర్వాత ఊరికి వెళ్లండి. ఫోనులో చెప్పే విషయం కాదిది. ఫోనులో మీరు రెండు మాటలు చెప్పేలోపు అవతల పది ఊహలు పుడతాయి. రైలెక్కితే మూడు నాలుగు గంటల దారి, ఒక ఆదివారం చాలు. ముందు అమ్మకు చెప్పండి. అన్నయ్యకు ముందు చెప్పవద్దు. మీ మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఉంది కాబట్టే. ‘ఎవడో చెప్పు’ అని బైకు తీసి హాస్టల్ గేటు ముందు దిగుతాడు. అక్కడొక చెంపదెబ్బ పడిందంటే కేసు మీ అన్నయ్య మీదికే తిరుగుతుంది, పేజీ నడిపేవాడు బాధితుడై కూర్చుంటాడు. అతనికి చెప్పేనాటికి ఫిర్యాదు కాగితం మీ చేతిలో ఉండాలి. అప్పుడు తిరగడానికి తోడు రమ్మనవచ్చు.

అమ్మకు అసలు ఫోటోనే ముందు చూపించండి. ‘ఇదిగో, క్లాసువాళ్లందరం బీచ్‌కి వెళ్లాం, వీళ్లు నా స్నేహితులు’ అని ఒక్కొక్కరినీ చూపించి, ఆ తర్వాత కత్తిరించినది చూపించండి. ఈ వరుస ముఖ్యం. కత్తిరించిన ఫోటో ముందు చూసిన తల్లికి కడుపులో కలిగే భయం, తర్వాత ఎన్ని చెప్పినా ఓ పట్టాన పోదు. అసలుది ముందు చూసినావిడకు రెండోది చూడగానే కోపం వస్తుంది, అదీ రావలసినవాళ్ల మీద.

నాన్నగారికి అమ్మ పక్కన ఉండగా మీరే చెప్పండి. ‘నాన్నా, ఒక ఘోరం జరిగింది’ అని మొదలుపెట్టకండి. ‘కాలేజీలో కొందరు నన్ను ఏడిపిస్తున్నారు నాన్నా, నేను ఫిర్యాదు ఇస్తున్నాను, మా హెడ్ గారిని కలవడానికి నాతో రావాలి’ అనండి. ఏం చేయాలో తోచని తండ్రి ‘చదువు చాలు, ఇంటికి వచ్చెయ్’ అంటాడు, ఎందుకంటే అది ఒక్కటే ఆయన చేతిలో ఉన్న పని. చేయడానికి ఇంకో పని చూపిస్తే ఆ మాట అనే తొందర కొంతైనా తగ్గుతుంది. అయినా ‘మానెయ్’ అంటే? అనవచ్చు, నేను హామీ ఇవ్వలేను. అప్పుడు మొత్తం చదువు గురించి వాదన పెట్టుకోకండి. ‘ఈ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వండి, తర్వాత మాట్లాడదాం’ అని గడువు అడగండి. మీ విభాగంలో మీకు నమ్మకమున్న మేడం ఎవరైనా ఉంటే నాన్నగారితో ఒకసారి ఫోనులో మాట్లాడమనండి. తమ ఆడపిల్ల మాటకంటే పై ఊరి లెక్చరర్ మాటకు విలువిచ్చే తండ్రులు మన దగ్గర తక్కువేమీ కాదు. నాకు నచ్చదు గాని, అవసరానికి వాడుకోవచ్చు.

ఇక సాక్ష్యాల సంగతి. అకౌంటు తీసేయనా అని అడిగారు. వద్దు. ప్రైవేట్‌లో పెట్టుకోండి, తెలియనివాళ్లను తీసేయండి, కానీ ఉంచండి. మీరు తీసేస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పేరుతో మిగిలేది ఆ దొంగ అకౌంటు ఒక్కటే. మీకు వచ్చిన బెదిరింపు మెసేజ్‌లు కూడా అందులోనే ఉన్నాయి. ‘నా అసలు అకౌంటు ఇది ఒక్కటే, ఇంకోటి వస్తే రిపోర్ట్ చేయండి’ అని ఒక్క ముక్క స్టోరీలో పెట్టి, చుట్టాల పిల్లలకు విడిగా కూడా చెప్పండి.

మెసేజ్ పంపినవాళ్లను కోపంతో బ్లాక్ చేసేముందు అన్నీ భద్రం చేయండి. మెసేజ్ ఒక్కటే స్క్రీన్‌షాట్ తీస్తే సరిపోదు. పేజీ పేరు, పోస్టు, వ్యాఖ్యలు, తేదీ అన్నీ వరుసగా కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ప్రతి పోస్టు లింకునూ కాపీ చేసి ఒకచోట రాసుకోండి. పేజీవాళ్లు రాత్రికి రాత్రి పేరు మార్చుకుంటారు, కానీ పోస్టు లింకులో ఉండే గుర్తు మారదు. ప్రొఫైల్ మీద మూడు చుక్కలు నొక్కితే వచ్చే ‘ఈ ఖాతా గురించి’ అన్నచోట ఆ ఖాతా ఎప్పుడు మొదలైందో, ఇదివరకు పేర్లు మార్చిందో లేదో చాలా ఖాతాలకు కనిపిస్తుంది. అదీ తీసి పెట్టుకోండి. స్టోరీలు ఇరవై నాలుగు గంటల్లో మాయమవుతాయి కాబట్టి వాటికి తొందర ఎక్కువ. ఆ ఫోను మార్చడం, ఫార్మాట్ చేయడం కొన్నాళ్లు మానుకోండి. రేపు కోర్టుదాకా వెళ్తే ప్రింటు కాగితంకంటే ఆ ఫోనే ముఖ్యం.

మీ రూమ్మేట్ గురించి. ఆమె వాళ్లకు సమాచారం ఇస్తోందా అన్న అనుమానం మీ ఉత్తరంలో లేదు గాని, అక్షరాల వెనక ఉంది. ఆధారం లేకుండా ఆమెను తప్పుపట్టను. కానీ రోజూ ఉదయం లేవగానే మనల్ని తిట్టిన తిట్లు తెచ్చి మన చేతిలో పెట్టడం మంచితనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఆమెకు ఒక పని అప్పగించండి: ‘నాకు పంపొద్దు, నీ ఫోనులోనే దాచు, అవసరమైతే ఇవి నేనే చూశానని చెప్పాలి, చెబుతావా?’ అని అడగండి. ఒప్పుకుంటే మీకు సాక్షి దొరికినట్టే. తప్పించుకుంటే పంపడమైనా మానుతుంది. ఎలా చూసినా మీ ఉదయాలు మీకు దక్కుతాయి.

చట్టం మాట క్లుప్తంగా. ‘ఇంటర్నెట్‌లో తిడితే 66ఎ కింద లోపల వేస్తారు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. మీ విషయంలో పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మీ పేరు, ఫోటోతో దొంగ అకౌంటు తెరవడానికి పోలీసులు సాధారణంగా ఐటీ చట్టం 66సి, 66డి చూస్తారు. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. వీడియో పెట్టకపోతే నాన్నకు పంపుతామన్న బెదిరింపు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 351 కిందికి వస్తుంది, పేరు దాచుకుని బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఫోటో కింద రాసిన వ్యాఖ్యకు 79 ఉంది, స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటలు, చేష్టలకు సంబంధించినది. ఇవి నేను చెప్పడం మీరు సెక్షన్లు వల్లెవేయాలని కాదు. ‘ఇన్‌స్టాగ్రామ్ గొడవలు మా పని కాదమ్మా’ అని బల్ల దగ్గర ఎవరైనా అంటే వెనక్కి తిరిగి రాకుండా ఉండటానికి.

1930కి ఫోను చేయమని మీ స్నేహితులు చెప్పి ఉంటారు. అది ప్రధానంగా డబ్బు పోయిన మోసాలకు. మీకు కావలసింది కేంద్ర హోం శాఖ జాతీయ సైబర్ నేరాల పోర్టల్, అందులో మహిళలు, పిల్లల విభాగం. అక్కడ పేరు లేకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు, కానీ మీరు ఫోను నంబరు ఇచ్చి చేయండి. అప్పుడే దాని గతి ఏమైందో చూసుకోగలుగుతారు. అలాగే విశాఖ పోలీసు కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది, అక్కడా రాతపూర్వకంగా ఇవ్వండి. అమ్మకు చెప్పాక ధైర్యం వస్తే మీ ఊరి దగ్గరి స్టేషన్‌లోనే ఇవ్వవచ్చు కూడా. నేరం తమ పరిధిలో జరగలేదన్న కారణంతో తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి విశాఖకు బదిలీ చేయాలి. 79 లాంటి సెక్షన్లకు మహిళా అధికారి చేతే వివరాలు రాయించాలని పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఆడపిల్ల స్టేషన్ మెట్లెక్కడమా అని నాన్నగారు తటపటాయిస్తే ఈ సంగతి చెప్పండి.

యాసను వెక్కిరించిన వీడియో నేరం కిందికి రావడం కష్టం. అయితే అది ఊరికే పోయేదీ కాదు. ర్యాగింగ్ మీద యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009లో తెచ్చిన నిబంధనలకు 2016లో ఒక సవరణ చేశారు. పుట్టిన ప్రాంతం, భాష, ఉండే చోటు, ఆర్థిక స్థితి లాంటి కారణాలతో తోటి విద్యార్థిని మానసికంగా వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగే అని అందులో రాశారు. సీనియరా, జూనియరా అన్న తేడా లేదు. శ్రీకాకుళం మాటను విశాఖలో కూర్చుని వెక్కిరించడం నాకు మొదటి నుంచీ వింతే. ఆ నవ్వినవాళ్లలో సగం మంది తాతల ఊళ్లు ఎక్కడో వెతికితే ఇచ్ఛాపురం రైలు దారిలోనే తేలతాయి. ‘సరదాకి చేశాం మేడం’ అని రేపు కమిటీ ముందు అంటారు, అంటే అననివ్వండి. సరదా అయితే పేరు పెట్టుకుని చేసేవాళ్లు.

కాబట్టి ఫిర్యాదును రెండుగా విడదీయండి. యాస వీడియో, గుంపుగా వెలివేయడం గురించి ర్యాగింగ్ నిరోధక కమిటీకి. ఫోటో మీద అసభ్య వ్యాఖ్య గురించి లైంగిక వేధింపులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. ఈ రెండో కమిటీకి జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆలస్యం చేయవద్దు. రెండూ ఈమెయిల్‌లో కూడా పంపండి. కాగితానికి ‘అందింది’ అని ముద్ర వేయించుకుని ఫోటో తీసుకోండి. విద్యాసంస్థలకు పరువు మీద ప్రీతి ఎక్కువ, ‘మనలో మనం సర్దుకుందాం’ అని కూర్చోబెట్టి మాట్లాడబోతారు. సర్దుకోవడానికి మీరు చేసిన తప్పేమీ లేదు. ఆ ఘాటు కామెంట్ గురించి అడిగితే రాశానని చెప్పండి, దాచకండి. కామెంట్‌కు బదులు కామెంట్ ఉంటుంది, ఫోటో కత్తిరించడం, దొంగ అకౌంటు ఉండవు. ఇవేవీ కదలకపోతే యూజీసీ ర్యాగింగ్ నిరోధక నంబరు 1800-180-5522 ఉంది.

ఇన్‌స్టాగ్రామ్‌కు కూడా రిపోర్ట్ చేయండి. కాకపోతే రికార్డింగ్‌లు తీసుకున్నాకే. దొంగ అకౌంటును ‘నాలా నటిస్తున్నారు’ అన్న వర్గంలో పెట్టండి, ఊరికే ‘నచ్చలేదు’ అని పెడితే బుట్టలోకి పోతుంది. మనిషి వేషం కట్టిన ఖాతాలు, మార్చిన అశ్లీల ఫోటోల మీద బాధితులే ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనల్లో పెట్టారు, 2026లో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. తీసేస్తే ఆధారం పోతుందేమో అని అనుమానం రావచ్చు. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాలన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అందుకే పోలీసు ఫిర్యాదు నెలల తరబడి నాన్చకూడదు. క్లాసులో రోజూ ఎదురుపడేవాళ్లను బ్లాక్ చేయడం ఇబ్బందిగా ఉంటే ‘రిస్ట్రిక్ట్’ చేయండి. వాళ్ల వ్యాఖ్యలు వాళ్లకే కనిపిస్తాయి, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

ఫోటోలో ఉన్న ఆ అబ్బాయిని మరిచిపోవద్దు. అతని పరువు మీదా బురద పడింది. మొహం చాటేయకుండా నలుగురిలోనే మాట్లాడి, అతనూ తన తరఫున ఒక ఫిర్యాదు ఇస్తాడేమో అడగండి. మిగిలిన ఆరుగురినీ కూడా. ‘ఆ రోజు మేమంతా ఉన్నాం’ అని ఒక కాగితం మీద వాళ్లు సంతకాలు పెడితే పేజీ కథ అక్కడే తేలిపోతుంది. అందరూ పెట్టరు. ఇద్దరు పెట్టినా చాలు.

నిద్ర పట్టడం లేదని, తిండి గదికే తెప్పించుకుంటున్నానని ఉత్తరం చివర రాశారు. 14416కు ఫోను చేయండి, అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే మన ఊళ్లో నవ్వేవాళ్లు ఉన్నారని తెలుసు. వాళ్ల నవ్వుకోసం మనం నిద్ర మానుకోనక్కర్లేదు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రాత్రి ఎంతైనా సరే అదే నంబరుకు చేయండి, ఆ రాత్రి గదిలో ఒంటరిగా ఉండకండి.

మిగిలింది క్లాసు. రెండు వారాలు పోయాయి, ఇక పోనివ్వకండి. చాలాచోట్ల 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, వాళ్ల వెక్కిరింపుకంటే మీ చదువుకు అసలు ముప్పు అక్కడ ఉంది. ఊరి నుంచి తిరిగి వచ్చిన మర్నాడు నాన్నగారితోనో అమ్మతోనో కలిసి హెడ్ గారి దగ్గరికి వెళ్లండి. కమిటీలకు ఇచ్చిన ఫిర్యాదుల ప్రతులు జతచేసి, ఈ రెండు వారాల గైర్హాజరును మన్నించాలని విడిగా ఒక అర్జీ ఇవ్వండి. దాని మీద కూడా ‘అందింది’ ముద్ర వేయించుకోండి, ఆ రోజు మొదటి పీరియడ్‌కే క్లాసులో కూర్చోండి.